కారు తలుపు కింది తేదీ

చిన్నాయనా, ఫోన్లో మీకు మాట వినపడదని ఈ కార్డు. దేవుని దయవల్ల మడికొండలో మేమంతా బాగున్నాం, మీరిచ్చిన కారుతో సహా.

మూడేళ్లు మీ వాకిట్లో ఎండకు నిలిచి దాని ఎరుపు సున్నంలా తెల్లబారింది. మా ఆయన "రంగు సచ్చిపోయింది, తుక్కు కింద ఇచ్చేద్దాం" అన్నాడు. నేనేమో అంట్ల పీచుతో రుద్ది, బానెట్ మీద గీతలు కూడా పెట్టాను. అప్పుడు చిన్నమ్మతో మీరు రాయించిన మాట పట్టుకున్నాను: "నీడలనే రుద్దు బిడ్డా, తడిగుడ్డతోని, జానెడు జానెడు. జల్ది పడకు." పాలిష్ పెట్టి రుద్దుతుంటే గుడ్డకు ఎరుపు అంటుకుంది, ఉన్న రంగు కూడా పోతోందనుకున్నాను. చచ్చిన పొర పోయాక బానెట్‌లో నా ముఖం కనిపించింది. పైన మైనం కూడా పట్టించాను.

నిన్న డ్రైవర్ తలుపు అడుగున మట్టి తీస్తే తెల్లటి చిన్న అంకెలు బయటపడ్డాయి. రైల్వే పెయింటరు డ్యూటీలో రైలు పెట్టెల మీద రాసినట్టే, రంగు వేసిన తేదీ రాశారు. అది నా పెళ్లికి మూడు రోజుల ముందుది. ఆ కారులోనే నన్ను చర్చికి తీసుకెళ్లారు. కడిగించి తెచ్చారనుకున్నాను. నా పెళ్లికని మీరే రంగు వేశారని ఇన్నేళ్లలో ఒక్క మాటైనా చెప్పలేదేం?

ఆపరేషనైన కంట్లో చుక్కలు వేసుకుంటున్నారా? చిన్నమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? కారుకు బట్ట కవరు సరిపోతుందా, పైన రేకులు వేయించాలా? రాయించండి.

చూపు కుదిరాక సన్న బ్రష్ తీసుకుని రండి. పాత తేదీ కింద చోటు అలాగే ఉంచాను. ఈ మెరుగు పెట్టిన తేదీ కూడా మీ చేతితోనే పడాలి.

మీ బిడ్డ,
కరుణ