మొహమాటం మానేశాను

జనవరి 1, 2000. సిడ్నీ.
రాత్రంతా ఆఫీసులో కాపలా. తేదీ మారగానే కంప్యూటర్లన్నీ పడకేస్తాయని ఏడాది పైనుంచీ రిపేర్లు చేస్తున్నాం. తేదీ మారింది. ఏదీ పడకెయ్యలేదు. ప్రింటర్ కూడా పనిచేసింది, అది మామూలు రోజుల్లో చెయ్యదు. మేనేజర్ అందరికీ కేక్ పెట్టాడు. ఇది లీపు సంవత్సరం కాబట్టి ఫిబ్రవరి ఇరవై తొమ్మిది కూడా సాఫీగా దాటితే ఇంక మీతో పని లేదన్నాడు. పని బాగా చేస్తే ఉద్యోగం పోవడం ఇక్కడే చూశాను. ఇంకో ముక్క తింటావా అన్నాడు. వద్దన్నాను. నిజానికి తింటాను.

అందుకే కొత్త సంవత్సరం నిర్ణయం: మొహమాటం మానేస్తున్నాను. కావాలంటే కావాలి, వద్దంటే వద్దు. మాది నరసాపురం. కాఫీ తాగుతావా అంటే మొదటిసారి వద్దండి అనాలి. రెండోసారి, మీకెందుకండీ శ్రమ అనాలి. మూడోసారి తాగాలి. ఇక్కడ రెండోసారి ఎవరూ అడగరు. ఈ ఊరొచ్చిన కొత్తలో ఎన్ని పూటలు పస్తున్నానో.

జనవరి 10
నిర్ణయం బ్రహ్మాండంగా సాగుతోంది.
ఒకతను బిస్కెట్ ఇచ్చాడు. రెండు తీసుకున్నా.
ఆదివారం డ్యూటీకి రమ్మన్నారు. చర్చి ఉంది, రానన్నా. ఎవరూ ఏమీ అనలేదు. ఇంత తేలికా ఇది! ఇరవై ఆరేళ్లు వృథా చేసుకున్నాను.

జనవరి 24
ఉద్యోగం ఎక్కడా లేదు. Y2K వాళ్లందరం ఒకే క్యూలో ఉన్నాం. ఇంకో కంపెనీ స్పాన్సర్ చెయ్యకపోతే వీసా ఆఖరు, నేను నరసాపురం. వెళ్లడం నాకిష్టం లేదు. ఇక్కడ నాకో గది ఉంది, దాని తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

పక్క సీటు సూజిన్ కొరియా అమ్మాయి. చిన్నప్పుడే వచ్చి ఇక్కడే పెరిగింది, దానికి వీసా గొడవ లేదు. "మా నాన్న గోడౌన్‌కి కంప్యూటర్ మనిషి కావాలి. మా కొత్త సంవత్సరం ఫిబ్రవరిలో. ఇంటికి రా, ఆయనే అడుగుతాడు. నువ్వు యెస్ అను, చాలు" అంది.
వస్తానన్నాను. మొదటిసారికే!

ఫిబ్రవరి 4, ఈస్ట్‌వుడ్
సూజిన్ వాళ్లింట్లో ఉన్నాను. హాన్ అంకుల్ కొరియా సరుకులు హోల్‌సేల్‌గా అమ్ముతారు. తక్కువ మాట్లాడతారు. ఆంటీ ఎక్కువ వండుతారు. మామ్మగారికి మోకాలి నొప్పి, ఇంగ్లిష్ రాదు.

మామ్మగారు నా ప్లేట్లో కుడుముల్లాంటివి వేశారు. చాలన్నాను. ఇంకో రెండు వేశారు. వద్దు మామ్మగారూ అన్నాను, తెలుగులోనే. ఇంకో రెండు. ఈవిడ ఏ జన్మలోనో మా ఊరి ఆడపడుచు. తిండి విషయంలో మొహమాటం లెక్కలోకి రాదని నిర్ణయంలో చిన్న సవరణ చేశాను.

ఫిబ్రవరి 5, పండగ
బయట ఎండ మండిపోతోంది. లోపల పొగలు కక్కే సూపు, అందులో బియ్యప్పిండి బిళ్లలు. అది తాగితే ఒక ఏడాది వయసు పెరుగుతుందట. తాగాను, పెరిగింది.

తర్వాత పెద్దవాళ్లకి మోకాళ్లమీద వంగి నేలకి తల ఆనించి దణ్ణం పెట్టాలి. మేం ప్రార్థనకి తప్ప మోకరించం. వీళ్లూ చర్చికెళ్లేవాళ్లే. ఇది భక్తి కాదు, మర్యాద అని సూజిన్ చెప్పింది. మర్యాదంటే మనకి వేరే చెప్పాలా? వంగాను. లేవడానికే కాస్త సాయం కావాల్సి వచ్చింది.

భోజనాలయ్యాక అంకుల్ బేరిపండు కోస్తూ, "జెన్సీ, మా గోడౌన్లో పని చేస్తావా? వీసా సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.
చేస్తానని చెప్పడానికే నోరు తెరిచాను. నోట్లోంచి మాత్రం, "అబ్బే, పర్లేదంకుల్" అని వచ్చింది.
"ఓకే" అన్నారు. పండు ముక్క ఇచ్చారు.
కాచుకు కూర్చున్నాను. రెండో ముక్క వచ్చింది. రెండోసారి అడగడం రాలేదు. సూజిన్ నన్ను నమిలేసేలా చూసింది.

ఫిబ్రవరి 6
1. నిన్న అడిగినప్పుడు ఆయన చేతిలో కత్తి ఉంది. అది మాట్లాడే సమయం కాదు.
2. పండగపూట ఉద్యోగం అడుక్కోవడం బాగోదు.
3. బయల్దేరేటప్పుడు మళ్లీ అడుగుతారు.

సాయంత్రం నాలుగు పుల్లలు ఎగరేసే ఆట ఆడాం, మన అష్టాచెమ్మాకి చుట్టమే. మధ్యలో అంకుల్ కథ చెప్పారు. కొత్తగా వచ్చినప్పుడు ఎవరింట్లోనో బార్బెక్యూ. సాసేజ్ కావాలా అన్నారట. మర్యాదకి వద్దన్నారట. మళ్లీ ఎవరూ అడగలేదు. ఇంటికెళ్లి చద్దన్నం కిమ్చీ పచ్చడితో తిన్నారట. "ఆ రోజే నేర్చుకున్నా. ఈ దేశంలో ఒక్కసారే అడగాలి, ఒక్కసారే జవాబు" అన్నారు గర్వంగా.
అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.
బయల్దేరేటప్పుడు ఏమీ అడగలేదు. ఆంటీ డబ్బా నిండా కిమ్చీ ఇచ్చారు.

ఫిబ్రవరి 14
ధైర్యం చేసి అంకుల్‌కి ఫోన్ చేశాను.
"చెప్పు జెన్సీ."
"ఏం లేదంకుల్. మామ్మగారి మోకాలి నొప్పి ఎలా ఉందో అని."
మోకాలి గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. థాంక్స్ చెప్పి పెట్టేశారు.

ఫిబ్రవరి 21
లంచ్‌లో సూజిన్ కడిగేసింది. వాళ్ల చర్చి అబ్బాయి ఎవరో ఆ ఉద్యోగం అడుగుతున్నాడట, శనివారం తేల్చేస్తారట. "గోడౌన్ పని నీకు చిన్నతనంగా అనిపించిందేమో అని నాన్న బాధపడ్డాడు" అంది.

ఏడుపొచ్చింది. మంచికని నేర్చుకున్న మాటతో ఆ పెద్దాయన్ని చిన్నబుచ్చాను. ఉద్యోగం పోయినా పర్లేదు, ఆ ముక్క మాత్రం ఆయన మనసులో ఉండకూడదు.

ఫిబ్రవరి 26, శనివారం
పొద్దున్నే సూజిన్‌తో గోడౌన్‌కి వెళ్లాను. అంకుల్ బియ్యం బస్తాల లెక్క రాసుకుంటున్నారు. సూజిన్ నన్ను ముందుకి తోసింది.
"మీ పని చిన్నదని కాదంకుల్. మా ఊళ్లో మొదటిసారి వద్దనే అంటాం. నాకా ఉద్యోగం కావాలి. ఇంకోసారి అడగండి."
ఆయన పెన్ను జేబులో పెట్టుకుని తిన్నగా నిలబడ్డారు. "మా దగ్గర పని చేస్తావా?"
"మీకెందుకంకుల్ శ్రమ."
నేనే అన్నాను. సూజిన్ మొహం చేతుల్లో పెట్టుకుంది.

అంకుల్ బస్తామీద కూర్చున్నారు. భుజాలు కదులుతున్నాయి, కోపమేమో అనుకున్నాను. నవ్వు. "మా అమ్మ కూడా మూడోసారికి గానీ ఒప్పుకోదు. నేనిక్కడికొచ్చి పాతికేళ్లు, ఎవర్నీ రెండోసారి అడగలేదు" అన్నారు. మళ్లీ లేచి నిలబడ్డారు.
"జెన్సీ. మా దగ్గర పని చేస్తావా?"
"చేస్తానంకుల్."
గట్టిగా ఏడ్చేశాను. ఆ చర్చి అబ్బాయికి డ్రైవర్ ఉద్యోగమైతే ఇంకా ఇష్టమట.

మార్చి 1
నిన్న కూడా కంప్యూటర్లు పడకెయ్యలేదు, మమ్మల్ని పంపేశారు. ఇవాళ గోడౌన్లో మొదటిరోజు. వీసా కాగితాలమీద అంకుల్ సంతకం పెట్టారు.
పదింటికి, "టీ తాగుతావా?" అన్నారు.
"వద్దంకుల్."
"ఓకే" అని ఒక్క కప్పే పెట్టుకుని, నా ఎదురుగానే కూర్చుని, నవ్వు ఆపుకుంటూ తాగారు.
లంచ్‌కి ఆంటీ ఏదో పంపారు. వాసన ఇక్కడిదాకా వస్తోంది.
మధ్యాహ్నం నుంచి మొహమాటం మానేస్తున్నాను.