టైరు లోపలి అంచు

నిజామాబాద్,
27 ఫిబ్రవరి 1968.

దేవుని దయ నీ ఇంటి మీద ఉండాలె. బోధన్ల ఉన్న అక్క సాయవ్వకు తమ్ముడు దాసు దండం పెట్టి రాసేది.

మేం బాగున్నమని రాయాలె గని, అది అబద్ధం. బావ నన్ను తన కారు మీదికెల్లి దించినంక ఇక్కడ స్టాండుల ఎవ్వలూ నాకు స్టీరింగ్ ఇస్తలేరు. నెలకో టైరు తినే డ్రైవరని పేరు పడ్డది. సొంత బావే గట్లన్నంక పరాయోడెందుకు నమ్ముతడు? నేను బాల్కొండకు దొంగ కిరాయిలు కొడుతున్ననని మీ వాకిట్ల బావ అంటుంటె నువ్వు బియ్యం ఏరుకుంట కూసున్నవు. తలెత్తి నా మొకం సూడలే. అత్త కొట్టిందని కాదు, తోడికోడలు నవ్విందని ఏడ్చినట్టున్నది నా కథ.

నువ్వు మిషన్ బడిల చదివినవు. ఇది ఎవ్వలితోని చదివిచ్చుకోకు.

ఉరికిచ్చి బ్రేకులు కొట్టేటోని టైరు అక్కడక్కడ బోడిగైతది. గాలి తక్కువుంటె రెండంచులు అరుగుతయి. బావ పాత ల్యాండ్‌మాస్టర్ కారుకు ఎడమ దిక్కు ముందు టైరు ఒక్కటే, అదీ లోపలి అంచే అరిగింది. క్రిస్మస్ అయినంక నెలకే మొదటిది పోయింది. రెండోది కూడ గట్లనే మొదలైతె నాకు అనుమానమొచ్చింది. మేస్త్రి నర్సన్న గోడకు పట్టే గుండుదారం తెచ్చి చక్రం పక్కన వేలాడదీసిన. చక్రం మీది దిక్కు లోపలికి ఒరిగున్నది. కారు కిందికి దూరి సూస్తె చక్రాన్ని పట్టే ఇనుప చెయ్యి వంగింది. దేన్నో గట్టిగ గుద్దితె తప్ప గంతగనం వంగది. నేను దేన్నీ గుద్దలే.

బావను పిలిచి సూపిచ్చిన. తెల్లారే నన్ను దించిండు.

లింబయ్యకు ఆదివారం ఆదివారం బువ్వ తీస్కపోతున్నవట, మంచిదే. క్రిస్మస్ ముందు వారం పొద్దుగాల ఫ్యాక్టరీకి చెరుకు తోలుకుంట పోతుంటె ఎవ్వడో ఎడ్లబండిని గుద్దిపోయి, పాపం కాలే తీసేసిరి. ఆ గుద్దినోన్ని దేవుడే బయట పెట్టాలెనని నువ్వు గుడిల ఏడ్చుకుంట ప్రార్థన చేస్తవట. ఆయన చంకకర్ర జారకుంట దాని కింద బావ రబ్బరు కొట్టిచ్చిండని సంఘమంత మెచ్చుకుంటున్నదట.

అవ్వ పానం బాగనే ఉన్నది. నిన్ను యాది చేస్తది.

నువ్వు ఇంకా అట్లనుకుంటె, నీ తమ్ముడు
దాసు

మళ్ల రాసేది: గుండుదారం సూపిచ్చిన నాడు బావను అడిగిన, కారు దేనికి తాకిందని. మంచుల కనబడలే, ఎడ్లు అడ్డమొచ్చినయి అన్నడు. ఆగినవా అని అడిగితె గుండుదారం చుట్టి నా చేతుల పెట్టి లోపలికి పోయిండు. క్రిస్మస్ ముందు వారం నన్ను మాక్లూర్ చావుకు పంపి, ఆ పొద్దున కారు తోలింది బావనే. అక్కా, ఆ చంకకర్ర రబ్బరు మొదటి టైరుల కెల్లి నేనే కోసిచ్చిన. అప్పుడు నాకేం తెల్వదు. లోపలి అంచు అరిగింది, పనికిరాదని, అరగని బయటి అంచు సూసి కోసిన. ఈ ఆదివారం లింబయ్యకు బువ్వ పెట్టేటప్పుడు చంకకర్ర కింద సూడు.