తలకిందుల పిట్టలు

మా నర్సమ్మగారికి,

నాన్న దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాలు కూడా కులాసాయే, నిన్న నా మీద కోపమొచ్చి మూడంతస్తులూ గబగబా ఎక్కేసింది. నువ్వు వేళకి తింటున్నావని, డ్యూటీలో కాసేపైనా కూర్చోనిస్తున్నారని అనుకుంటున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. కొత్త కుట్టుమిషను బాగా నడుస్తోంది, పాతదానిలా వీధినంతా లేపడం లేదు. పక్కింటివాళ్లతో మాటలు కలిశాయి, మళ్లీ పోయాయి. ఇక సోమవారం తొమ్మిదిసార్లు చేస్తే ఫోన్ ఎందుకు ఎత్తలేదన్నావు. అది పెద్ద కథ. ఫోన్‌లో చెబితే మధ్యలో అడ్డుపడతావని కాగితం తీశాను.

మా దర్జీల సంఘానికి ఫోన్‌లో ఒక గ్రూపుంది కదా. తెల్లారితే పూల బొమ్మలూ శుభోదయాలూ తప్ప పనికొచ్చే ముక్క ఒక్కటీ రాదని ఎన్నిసార్లు విసుక్కున్నానో. సోమవారం పొద్దున అందులో ఒక ఫోటో వచ్చింది. ఒక కర్టెన్ ముక్క, అంతే. కింద పోలీసుల మాట: 'ఎత్తుకుపోయిన ఒక పాపని అమ్మజూపుతూ ఎవరో నెట్‌లో పెట్టిన ఫోటో ఇది. పాపని తీసేసి గదిలోని వస్తువు మాత్రం చూపిస్తున్నాం. ఎక్కడైనా చూసినవాళ్లు ఈ నంబరుకి చెప్పండి.'

వేళ్లతో పెద్దది చేసి చూశాను. లేత నీలం గుడ్డ మీద పిడికిలంతేసి పసుపు పిట్టలు. అన్నీ తలకిందులుగా ఉన్నాయి.

అది నేను కుట్టిందే. నిరుడు ఒక లాడ్జికి అన్ని గదులకీ ఆ గుడ్డతోనే కుట్టాను. ఆఖరి జత తిరగేసి కత్తిరించాను. రాడ్డుకి తగిలించి నాలుగడుగులు వెనక్కి వచ్చేదాకా తెలియలేదు. మూడో అంతస్తు, కారిడార్ చివరి గది, కిటికీ తీస్తే పక్క మేడ గోడ. ఇక్కడెవడు చూస్తాడులే అని నోరు మూసుకుని దిగొచ్చేశాను.

నంబరుకి చేస్తే ఒక మేడమ్ ఎత్తింది. "ఏ లాడ్జో తెలుసా అండీ?"

"లాడ్జే కాదమ్మా, గది కూడా తెలుసు."

"గది ఎలా తెలుసు బాబాయ్?"

"ఆ ఒక్క గదిలోనే తప్పు చేశానమ్మా," అన్నాను.

నలభై నిమిషాలకి ఆవిడే చేసింది. పాప దొరికింది. ఆ పిట్టల్ని సరిగ్గా చూడాలని మంచం అంచు నుంచి తల వేలాడేసి పడుకునేదట. వింటూ ఏడ్చేశాను.

నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. ఆ దుర్మార్గుడు పాపని చూసుకున్నాడు గానీ వెనకాల గుడ్డని చూసుకోలేదు. ఆ ముక్క ఎన్ని వేల ఫోన్లు తిరిగిందో, ఎన్ని ఊళ్లు దాటిందో! చివరికి నా కత్తిరింపు బల్ల మీదికొచ్చి, ఇది నీ పనేనా అని నన్నే అడిగింది. లోకం మొత్తంలో ఆ గది గుర్తు చెప్పగలిగేవాణ్ని నేనొక్కణ్నే కదా, ఆ సంగతి ఆ చిన్న ఫోను పెట్టెకి ఎలా తెలుసమ్మా? దానికి దణ్ణం పెట్టాను. మీ అమ్మ చూసి నవ్వింది.

ఇంతవరకు మీ అమ్మకీ తెలుసు. ఇక ఇప్పుడు చెప్పేది తెలియదు.

ఫోటో వచ్చింది పదింటికి. నేను మేడమ్‌కి చేసింది ఒంటిగంట దాటాక. ఆ మూడు గంటలూ ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు చేస్తున్నావని తెలుసు. నీ గొంతు వింటే దాచలేనని ఎత్తలేదు. కళ్లకి పొర వచ్చి ఏడాదిన్నర అయిందమ్మా. గుడ్డ మీద గీసిన గీత కనపడక చేత్తో తడిమి కోస్తున్నాను. ఈ ఉత్తరంలో అక్షరాలు ఇంత లావుగా ఎందుకున్నాయో అర్థమైందా? పిట్ట తల ఎటుందో కూడా చూసుకోలేదా అని అడిగితే అంతా బయటపడుతుందని, నా చేతిలోంచి కత్తెర లాగేస్తారని భయం. ఆ గదిలో ఒక పిల్ల ఉందని తెలిసీ, ఆ భయంతో మూడు గంటలు కూర్చున్నాను. పాపని ఆ సాయంత్రమే వేరేచోటికి తరలించబోయారట. "సమయానికి చెప్పారు బాబాయ్," అంది మేడమ్. ఆ మాటకి సిగ్గుతో చచ్చిపోయాను.

నిన్న ఆవిడ ఇంకో ఫోటో పంపింది. తెల్ల దుప్పటి, దాని అంచున కుట్టు. ఏమైనా తెలుస్తుందేమో చూడమంది. పెద్దది చేశాను, ఎండలోకి తీసుకెళ్లాను, కళ్లు నులుముకున్నాను. అంతా మసక. మీ అమ్మకి చూపిస్తే "దుప్పటి," అంది. సంఘంలో మిగతావాళ్లు చూస్తున్నారు, ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒకప్పుడైతే ఆ కుట్టు ఏ మిషనుదో, ఎవరి చేతివాటమో చిటికెలో చెప్పేవాణ్ని. ఆ దుప్పటి మీద కూడా ఒక పిల్ల ఉందమ్మా. ఫోటో నా చేతిలోనే ఉంది, నాకు కనపడటం లేదు.

మీ ఆస్పత్రిలో కంటి డాక్టరుగారితో మాట్లాడు. వచ్చే నెల వద్దు, ఈ వారమే కావాలి. నన్ను తిట్టడం తరవాత, ముందు తేదీ తీసుకో.

ఇట్లు,
ఈసారి మొదటి రింగుకే ఎత్తే
మీ నాన్న