ముందు నువ్వెయ్యి

బుధవారం, రాత్రి

మా పెద్దోడి తలకు కుట్లు వేశారు. రక్తం ఇంకా దిండుకు అంటుతూనే ఉంది, ప్రభువా.

పొద్దున ఉప్పుకాలవ కట్ట తెగింది. ఇటు మా వరి, అటు మస్తాన్ రొయ్యల గుంట. మావాడూ, మస్తానూ ఇసుక మూటలు తెచ్చారు. ఒక్కటీ వెయ్యలేదు.

"గుంటకు ఉప్పునీళ్ళ కోసం కట్ట కోసింది నువ్వు. ముందు నువ్వెయ్యి," అన్నాడు మావాడు.

"మునిగేది నీ వరి కదన్నా! నువ్వెయ్యి, నేను చూస్తా," అని నవ్వాడు మస్తాన్.

ఆ నవ్వుకే మావాడు పార ఎత్తాడు. మస్తాన్ చెయ్యి విరిగిన చప్పుడు గట్టు మీదున్న నాకు వినిపించింది. మస్తాన్ తమ్ముడు గడ్డపారతో మావాడి తల పగలగొట్టాడు. బురదలో పడి గొంతులు పిసుక్కుంటుంటే సముద్రపు నీళ్ళు వరిలోకీ, గుంటలోకీ దూసుకొచ్చాయి.

సాయంత్రం టీవీలోనూ అదే గొడవ. భూమి వేడెక్కి సముద్రం పెరుగుతోందట. పొగ తగ్గించమంటే అమెరికావాళ్ళు, చైనావాళ్ళు ముందు మీరంటే మీరని వాదులాట. వాళ్ళ చేతుల్లో ఉన్నది పారలు కాదే, బాంబులాయె.

ఇందాక మస్తాన్ వాళ్ళమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "అక్కా, తెల్లారకముందే మనిద్దరం కట్ట కాడికి పోదామా? మొయ్యలేకపోతే ఈడ్చుకుందాం. నువ్వో మూట ఎయ్యి, నేనో మూట ఏస్తా."

వస్తానన్నాను. మావాడు నిద్రలో కూడా మస్తాన్‌ను నరుకుతానని పళ్ళు కొరుకుతున్నాడు. నేను వాళ్ళమ్మతో కలిసి కట్ట వేస్తున్నానని తెలిస్తే నన్నైనా వదులుతాడో లేదో...

గొళ్ళెం చప్పుడు కాకుండా తియ్యాలి.