నవ్వడం రాని పంతులమ్మ

అమ్మా క్లోతిల్డ్,

ఒకడు నాకిచ్చిన మాట తప్పి ఒక జీవితకాలమైంది. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. క్షేమ సమాచారాలు ముందు కానిచ్చేస్తాను.

మీ అమ్మా నేనూ బాగున్నాం. లిబ్రవిల్‌లో మీరందరూ కులాసా అని తలుస్తాను. మీ ఇంట్లోనే మకాం పెట్టిన మీ బాబాయి జెబాజెను అడిగినట్టు రాయమని మీ అమ్మ పక్కనుంచి పోరుతోంది. రాశాను. ఆ అడగడం ఆవిడది. నువ్వు పంపిన తైలం నా మోకాలికి నచ్చలేదు. కాఫీకి మాత్రం ఈసారి ఎండ బాగా కాసింది.

పోయిన ఉత్తరంలో నిష్ఠూరమాడావు: ఇన్ని పుస్తకాలు చదివినవాడివి, మనవరాలు మెలానీ పలకరించగానే ఫోను అమ్మ చేతిలో పెట్టి పారిపోతావేం అని. పిల్లకు ఫ్రెంచి తప్ప మన యెంబా మాట ఒక్కటీ నేర్పలేదు నువ్వు. ఆ తగువు తర్వాత చూసుకుందాం. కాగితం మీద ఫ్రెంచి నాకు నౌకరు. నోటిదాకా వచ్చేసరికి అది యజమాని, నేను నౌకర్ని.

మా మిషను బడిలో తాడుకు కట్టిన ఎద్దు ఎముక ఒకటి ఉండేది. మన భాష మాట్లాడి దొరికినవాడి మెడలో వేసేవారు. వాడు ఇంకొకణ్ణి పట్టిస్తేగాని అది వదలదు. సాయంత్రం ఎవరి మెడలో మిగిలితే వాడికి బెత్తం. అందుకని అందరికీ అందరి మీదా నిఘా. మాట తప్పాడన్నానే, వాడూ నేనూ మాత్రం ఒకరి మెడలో ఒకరం ఆ ఎముక వేయబోమని కోలా గింజ చీల్చుకు తిని ఒట్టు పెట్టుకున్నాం.

ఒక మధ్యాహ్నం వాడు వెనకనుంచి పరుగెత్తుకొచ్చి, “అమ్మ వాగులో పడిపోయింది” అన్నాడు, మన భాషలోనే. నేనూ మన భాషలోనే అమ్మా అని అరిచాను. ఏ బిడ్డ పరాయి భాషలో ఏడుస్తాడు? ఎముక అప్పటికే వాడి మెడలో ఉంది. తీసి నా మెడలో వేశాడు. అమ్మ చేలో నిక్షేపంగా వేరుశనగ పీకుతోంది. బడంతా నవ్వింది, అందరికంటే గట్టిగా వాడే నవ్వాడు. దెబ్బలు మరిచిపోయాను. ఫ్రెంచి మాట నాలుక మీదికి వస్తే చాలు, ఆ నవ్వు వినిపిస్తుంది. అందుకే మిషను గ్రంథాలయంలో ఉద్యోగం చేశాను. అక్కడ మాట్లాడకపోవడమే నియమం. నన్ను మంచి ఉద్యోగి అన్నారు.

పక్కింటి సిదోనీ నర్సుగా జర్మనీ వెళ్లాలని ఫోనులో జర్మన్ నేర్చుకుంటోంది. పంతులు లేని చదువేం చదువని ఎద్దేవా చేశాను.

“తాతయ్యా, దీనికి నవ్వడం రాదు. తప్పు చెబితే మళ్లీ చెప్పమంటుంది, అంతే” అంది.



ఇక దాచను. వానలు వెనకబట్టినప్పటి నుంచీ కాఫీ కొట్టంలో తలుపేసుకుని, ఫోనులోని ఆ పంతులమ్మతో ఫ్రెంచి మాట్లాడుతున్నాను. మీ అమ్మ చెవి ఒగ్గి విని, “కొట్టంలో ఆడగొంతు వినిపిస్తోంది. ఈ వయసులో ఎవత్తెనండీ తెచ్చారు?” అంది. తెచ్చింది సిదోనీ అన్నాను.

మా కాలంలో పరాయి భాష నేర్చుకోవడమంటే పదిమందిలో నవ్వులపాలవడం. అదే గురుదక్షిణ. ఈ యంత్రం ఆ పదిమందినీ గది బయటికి పంపేసింది. తక్కువ మేలేం కాదు. కానీ నిన్న దానికి మెలానీ గురించి చెప్పాను. వాక్యం బాగుందని మెచ్చుకుంది. మెలానీ ఎవరని అడగలేదు. నవ్వడం రానిదానికి సంతోషించడం మాత్రం ఎలా వస్తుంది?

ఆదివారం ప్రార్థన అయ్యాక ఫోను చేస్తాను. మెలానీతో నేనే మాట్లాడతాను. నా మాటకు పిల్ల నవ్వితే నవ్వనీ, ఆ నవ్వు వేరు. ఒక్కటే షరతు. నేను ఫోను అందుకున్నప్పుడల్లా నీ వెనకనుంచి “మెలానీ, మూగ తాత వచ్చాడే” అని ఒక గొంతు పకపకలాడుతుంది. నువ్వది సరదా అనుకున్నావు. ఆ మనిషిని ఆ పూట వీధిలోకి పంపు. మా బడి పంతులు ఏనాడో పోయాడు, బెత్తం చెదలు తినేసి ఉంటుంది. వాళ్ల మీద నాకిప్పుడు కోపం లేదు. నాతో కోలా గింజ చీల్చుకు తిన్నవాడు, అమ్మను ఉత్తి మాటతో వాగులో ముంచినవాడు, నేను నేటికీ క్షమించనివాడు, నా తోడబుట్టిన జెబాజె.

ఇట్లు,
మెలానీ తాత, మీ నాన్న