గీత దాటిన పూత

సిరిసిల్ల, మంగళవారం

రొమ్ము క్యాన్సరుకు ఇవాళ ఇరవయ్యోసారి కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. దానికి చర్మం కాలకుండా ఆపే కొత్త పూతమందును నా మీద పరీక్షిస్తున్నారు. రొమ్ము మీద గీత గీసి, ఒక సగానికే రాసుకోమన్నారు. రెండో సగం వట్టిగా ఉంటేనే మందు పనితనం తెలుస్తుందట.

ఇవాళ డాక్టరు చూసి, "రెండు దిక్కులా ఒక్కతీరే ఉన్నదేందమ్మా?" అన్నాడు. నేను కొంగు కప్పుకుని లేచాను.

మొదటి వారం నుంచీ రెండు సగాలకూ రాస్తున్నాను. చిన్నప్పుడు నాన్నతో కలిసి పడుగు పోగులకు గంజి పట్టించిన చేయి ఇది. సగం పోగులకు గంజి లేకపోతే అవి మగ్గం మీద తెగిపోతాయి. చేయి గీత దగ్గర ఆగనేలేదు.

చెప్తే పరీక్ష నుంచి తీసేస్తారేమో. చెప్పకపోతే మందు పనిచేయలేదని రాసుకుంటారు. రేపు ఇంకెవరి చర్మమో కాలుతుంది.

పరీక్షలో ఉన్నాను కాబట్టి, రోజూలాగే సాయంత్రం ఆస్పత్రి సిస్టర్ ఫోన్ చేసింది. "మంట అయితున్నదా అమ్మా? బువ్వ తిన్నవా?" అంది. మా ఆయన పోయాక ఆ మాట అడిగే మనిషి ఆమె ఒక్కతే. "తిన్న బిడ్డా" అన్నాను. తినలేదు.

రేపు చెప్పేస్తాను. ముందు తిన్నవా అని అడగనిచ్చి, ఆ తరువాత.