బావ కణాలు

అక్కా,

ఫోన్లో ఏడ్చేస్తానని ఉత్తరం రాస్తున్నాను. "కాలేయం మీదే కదే నీ పని, ఏదో ఒకటి చెయ్యవే" అన్నావు. దెబ్బతిన్న కాలేయాన్ని మళ్లీ కట్టే మూలకణాలు కొన్ని ఉంటాయి. బావకి అవే దారి తప్పి క్యాన్సరయ్యాయని మా ల్యాబు నడిపే డాక్టరమ్మ అనుమానం.

ఆపరేషన్ రోజు బావ "మరదలికి కాస్త పని కల్పిద్దాం" అని నవ్వుతూ, కోసి తీసిన గడ్డలో ముక్క మా ల్యాబుకిమ్మని సంతకం పెట్టాడు కదా, ఆ ముక్కలోని కణాలు మా ల్యాబులో నా చేతులమీదే పెరుగుతున్నాయి. మందు పోస్తే దాదాపు అన్నీ చచ్చాయి. మిగిలిన నాలుగూ వారంలో మళ్లీ వాటిని పెంచే పళ్లెం నింపేశాయి.

బావ చెంచాడు పాలు కూడా మింగడం లేదన్నావు. రోజు విడిచి రోజు ఈ కణాలకి ఆహారం పోసేది నేనే. అవి పోతే కొత్త మందు దేనిమీద చూస్తాం?

మొన్న ఆదివారం మానేద్దామనుకున్నాను. వెళ్లి, వాటి కడుపు నింపి వచ్చాను.

నీ చెల్లి